గుర్రం కింద ఎర్రచుక్క

"ఏవండీ, మీ గుర్రం కింద ఏదో ఎర్రగా కారుతోంది, చూశారా?"

నవంబరులో ఓ శనివారం పొద్దున్నే మా ఆవిడ గరాజ్‌లోంచి కేకేసింది. గుర్రం అంటే మా మస్టాంగ్. 2007 మోడల్ జీటీ, 4.6 లీటర్ల వీ8, 300 హార్స్‌పవర్, ఐదు గేర్ల ఆటోమేటిక్. పాతబండే కొన్నా. అది చప్పుడు చేసుకుంటూ వీధిలోకొస్తే ఈ వయసులో ఈయనకిదేం సరదా అన్నట్టు చూస్తారు మనవాళ్లు. పోనీలెండి, ఎవరి పిచ్చి వాళ్లకానందం.

కారు కింద పడ్డ చుక్క రంగుని బట్టి జబ్బేదో కొంతవరకు చెప్పెయ్యొచ్చు. నల్లగా ఉంటే ఇంజిన్ ఆయిలు. పచ్చగానో నారింజ రంగులోనో ఉంటే కూలెంటు. ఎర్రగా, జిడ్డుగా ఉంటే చాలావరకు ట్రాన్స్‌మిషన్ ఫ్లూయిడ్. పవర్ స్టీరింగ్‌లోనూ అలాంటి ఎర్రదే పోస్తారు కాబట్టి ముందు దాన్నే అనుమానించా. బండిని జాకీ స్టాండ్ల మీదకెక్కించి కిందకి దూరితే అసలు సంగతి బయటపడింది. గేర్‌బాక్స్ నుంచి ముందుకి పోయే రెండు సన్నటి ఇనప పైపుల్లో ఒకటి పైనంతా పొలుసులు లేచిపోయి, చెమట పట్టినట్టు ఎర్రగా తడిసి ఉంది.

ఆ పైపుల పనేంటో చెప్పాలి. ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లో ఇంజిన్ బలాన్ని గేర్లకి అందించేది టార్క్ కన్వర్టర్. అందులో ద్రవం సుడులు తిరుగుతూ బాగా వేడెక్కిపోతుంది. ఆ వేడి ద్రవాన్ని పంపు ఒక పైపులోంచి రేడియేటర్ దగ్గరున్న కూలర్‌కి తోస్తుంది. చల్లబడ్డది రెండో పైపులోంచి వెనక్కొస్తుంది. గేర్లు మార్చేదీ, క్లచ్‌లు పట్టి ఉంచేదీ కూడా ఈ ద్రవమే. అది తగ్గితే పంపు గాలి పీలుస్తుంది, క్లచ్‌లు జారి కాలిపోతాయి. అంటే కొన్ని వేల డాలర్ల గేర్‌బాక్స్ ప్రాణం చిటికెన వేలంత లావు కూడా లేని రెండు గొట్టాల్లో ఉందన్నమాట.

ఇక్కడ తప్పు కారు కంపెనీది కాదు. తప్పు ఉప్పుది, ఆ తర్వాత నాది. మేముండేది మిషిగన్‌లో. డెట్రాయిట్ ఊరికింద వెయ్యడుగులకి పైగా లోతులో ఉప్పుగని ఉంది, వందేళ్ల పైనుంచీ తవ్వుతున్నారు. చలికాలం వస్తే మంచు కరగడానికి ఇక్కడ రోడ్ల మీద ఉప్పు ధారాళంగా చల్లుతారు. అది లేకపోతే మనం ఆఫీసుకి వెళ్లలేం, నిజమే. కానీ ఆ ఉప్పునీళ్లు చక్రాల మీంచి ఎగిరి కిందున్న ప్రతి ఇనప ముక్కకీ అంటుకుంటాయి. పైన పెయింటు మెరుస్తూనే ఉంటుంది. కింద పైపులు చడీచప్పుడు లేకుండా కరిగిపోతుంటాయి.

సరే, చూశాను కదా, నేనేం చేశానయ్యా అంటే, ద్రవం నింపి ఊరుకున్నా! మా బండికి డిప్‌స్టిక్ కూడా లేదు. కిందనుంచి, పాన్‌కున్న ప్లగ్‌లోంచి పంపుతో ఎక్కించాలి. ఓ పూటంతా పట్టే పని. అంత కష్టపడి నింపినవాణ్ణి, ఆ పైపు మార్చడానికి మాత్రం బద్ధకించా. జనవరికి చుక్కలు కాస్తా గుంటయ్యాయి. అప్పుడు తుప్పుపట్టిన ముక్క కోసేసి, మధ్యలో రబ్బరు గొట్టం తొడిగి, రెండు వైపులా క్లాంపులు బిగించేశా. ఖర్చు 14 డాలర్లు. కారడం ఆగిపోయింది. నా అంత మొనగాడు లేడనుకున్నా.

ఆఫీసులో ఇలాంటివి చూస్తే మండిపడేది నేనే. మెమరీ లీకున్న సర్వర్‌ని రోజూ రాత్రి రీస్టార్ట్ చేస్తూ "అంతా బాగుంది సర్" అనే కుర్రాళ్లకి క్లాసులు పీకుతుంటా. ఇంట్లో నేను చేసిందీ అదే.

మార్చిలో మా అమ్మాయిని ఆన్ ఆర్బర్‌లో దింపడానికి ఎం-14 మీద పోతున్నాం. ఉన్నట్టుండి ఇంజిన్ మోత పెరిగింది, బండి మాత్రం ముందుకి లాగట్లేదు. అద్దంలో చూస్తే వెనకంతా తెల్లటి పొగ. "నాన్నా, కాలిన వాసన!" అంది అమ్మాయి. ఎలాగోలా షోల్డర్ మీదకి లాగి, ఇంజిన్ ఆపేసి, ఇద్దరం రెయిలింగ్ దాటి దూరంగా పోయి నిలబడ్డాం. నేను తొడిగిన గొట్టం ఊడిపోయింది. వేడి ద్రవమంతా ఎగ్జాస్ట్ పైపు మీద చిమ్మింది. దానికి అంటుకునే గుణం ఉంది. ఎగ్జాస్ట్ ఎంత వేడిగా ఉంటుందో చెప్పక్కర్లేదు. ఆ రోజు అంటుకోలేదంటే అది నా తెలివి కాదు, అదృష్టం. అమ్మాయి చలికి వణుకుతూ, "ఇది ముందే తెలుసా నీకు?" అనడిగింది. ఏం చెప్పను? తెలుసు మరి.

తర్వాత ఓ ముసలి మెకానిక్ నా పని చూసి తలకొట్టుకున్నాడు. నేను వాడింది పెట్రోలు గొట్టం, గేర్‌బాక్స్ వేడికి తట్టుకోదు. ట్రాన్స్‌మిషన్ కూలర్ల కోసం వేరే గొట్టాలున్నాయి, వాటికి ఎస్‌ఏఈ జె1532 అని ఓ ప్రమాణమే ఉంది. పైగా కోసిన పైపు చివర చిన్న ఉబ్బు తీయాలట. నున్నగా వదిలేస్తే క్లాంపు ఎంత బిగించినా గొట్టం జారిపోతుందట. అంతకుముందు బండిని తీసుకెళ్లిన పెద్ద షాపువాళ్లు కిందకి తొంగి కూడా చూడకుండా గేర్‌బాక్స్ మొత్తం మార్చాలి, 3,800 డాలర్లు అన్నారు. ఈయన రెండు పైపులూ కొత్తవి వేసి, ద్రవం మార్చి, నడిపి చూసి, 420 తీసుకున్నాడు. బండి ఇప్పటికీ నడుస్తోంది.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఒక విషయంలో నా అభిప్రాయం మారింది. మిషిగన్‌లో మామూలు కార్లకి ఏటేటా భద్రతా తనిఖీ అంటూ ఏమీ లేదు. ఇక్కడికి రాకముందు పెన్సిల్వేనియాలో ఉండేవాణ్ణి. అక్కడ ఏడాదికోసారి తప్పదు. ప్రతిసారీ తిట్టుకుంటూ వెళ్లేవాణ్ణి. తనిఖీ ఇష్టం లేనివాణ్ణి నేనొక్కణ్ణే కాదు. న్యూజెర్సీ 2010లో మామూలు కార్లకి మెకానికల్ తనిఖీ తీసేసింది. టెక్సాస్ 2025 జనవరి నుంచి భద్రతా తనిఖీ ఎత్తేసింది. కొత్తకార్లు గట్టివి, అనవసరపు ఖర్చు అన్నది వాళ్ల వాదన. కొత్తకార్ల వరకు ఒప్పుకుంటా. కానీ పదిహేనేళ్లు ఉప్పునీళ్లలో నానిన బండి సంగతో? 2015లో ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ పాత ట్రక్కుల బ్రేకు పైపుల తుప్పు మీద విచారణ ముగిస్తూ, ఉప్పు చల్లే రాష్ట్రాల్లో పాత బండ్లవాళ్లు కింద కడిగించుకోండి, పైపులు చూపించుకోండి అని సలహా ఇచ్చింది. మంచి సలహానే. కానీ నాలాంటి బద్ధకస్తులు సలహాలు వింటారా?

ఎదుటివాళ్ల మాటా కొట్టిపారెయ్యలేం. తనిఖీ అంటే షాపుల చేతికి కర్ర ఇచ్చినట్టే. నన్ను 3,800 అడిగినలాంటి వాళ్ల దగ్గరికే జనాన్ని తోలినట్టవుతుంది. పాతకారుతో రెండు ఉద్యోగాలు చేసుకునే మనిషికి అది పెద్ద దెబ్బ. అందుకే నేనడిగేది చిన్నది. పదేళ్లు దాటిన బండికి, రెండేళ్లకోసారి, పైపులు మాత్రమే చూడాలి: బ్రేకు, పెట్రోలు, కూలర్. ఫోటో తీసి ఓనర్‌కివ్వాలి. చూసిన షాపే బాగుచెయ్యాలన్న రూలు ఉండకూడదు. నా బండి ఆ నవంబర్లో అలా ఎవరి లిఫ్ట్ మీదో ఉండి ఉంటే, చేతికి ఫోటో వచ్చి ఉంటే, ఎంత బద్ధకస్తుణ్ణయినా కదిలేవాణ్ణనే అనుకుంటున్నా.

చట్టం వచ్చేదాకా మన చేతిలో ఉన్నది మనం చేద్దాం. చలికాలంలో బండి కడిగించినప్పుడు కిందభాగం కూడా కడిగించండి. ఆయిల్ మార్చేటప్పుడు బండి ఎలాగూ పైకి ఎక్కుతుంది కదా, ఓ నిమిషం మీరూ వెళ్లి పైపులు చూడండి. ఎర్రచుక్క కనిపిస్తే ద్రవం పోసి ఊరుకోకండి, ఎక్కణ్ణుంచి కారుతోందో పట్టుకోండి. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకున్నవాణ్ణి చెప్తున్నా.

మా గరాజ్‌లో గుర్రం కింద ఇప్పుడో తెల్ల అట్టముక్క పరిచి ఉంది. రోజూ పొద్దున అమ్మాయి దాన్ని చూసి, "నాన్నా, ఈరోజు ఏం లేదు" అంటుంది. నన్ను నమ్మి వదిలెయ్యట్లేదు మరి. మంచిదేగా, ఏమంటారు?