కంటికి కనబడని వెలుగులో ఒక కాగితం

“ఆ పాత రెండు కళ్ళ కెమెరా మెడకేసుకొని మాస్తి రోడ్డు పక్కన నీలగిరి తోపుల్లో ఏం చేస్తావప్పా?” అని ఇద్దరు ముగ్గురు అడిగారు. ఈ నెల దానికి జవాబు రాస్తున్నాను. మన ఇళ్ళల్లో ట్రంకు పెట్టెల్లో ఉండే కాగితాలకు కూడా ఆ పని అక్కరకొచ్చింది మరి.

ముందు వెలుగు సంగతి. ఇంద్రధనుస్సులో ఎరుపు దాటితే మన కంటికి ఏమీ కనబడదు. కానీ వెలుగు అక్కడితో ఆగిపోదు. 1800లో విలియం హెర్షెల్ ఎండను గాజు పట్టకంతో రంగులుగా విడదీసి, ఎరుపు దాటినచోట థర్మామీటరు పెట్టి చూశాడు. అక్కడ వేడి ఇంకా ఎక్కువగా ఉంది. దాన్నే ఇన్‌ఫ్రారెడ్, పరారుణం అంటున్నాం. ఆ వెలుగుతో రాబర్ట్ వుడ్ తీసిన ఫోటోలు 1910లో బయటికొచ్చాయి. వాటిలో చెట్లు తెల్లగా, ఆకాశం నల్లగా ఉంటాయి. పచ్చని ఆకు ఆ వెలుగును తిప్పికొడుతుంది, అందుకే ఆ తెలుపు. ఆకుకు జబ్బు చేస్తే ఆ తెలుపు తగ్గుతుంది. 1970లో పిషారోటి గారు కేరళ కొబ్బరి తోటలను ఆకాశం నుంచి ఇట్లే తీయించి వేరు తెగులును పట్టుకున్నారు. మన దేశంలో పంటలను పైనుంచి చూసే విద్యకు అదే మొదలు.

పిల్లలకు ఇంట్లోనే చూపించొచ్చు. టీవీ రిమోట్‌ను ఫోను ముందు కెమెరా వైపు పెట్టి బటన్ నొక్కండి. చాలా ఫోన్లలో చిన్న ఊదా మెరుపు కనబడుతుంది. వట్టి కంటికి ఏమీ కనబడదు.

నాది పాత యాషికా. 120 రోలు వేస్తే పన్నెండు బొమ్మలొస్తాయి. ఇన్‌ఫ్రారెడ్ రోలు ధర మనబోటివాళ్ళు కూలి రోజుల్లో లెక్కేసుకోవాల్సినంత, కాబట్టి ఒక్క బొమ్మ కూడా దండగ చేయలేం. రోలును నీడలోనే ఎక్కించాలి. 720 ఫిల్టరు చూడ్డానికి నల్లగా ఉంటుంది. వేరే కెమెరాకు అది పెడితే ఏమీ కనబడదు. మన రెండు కళ్ళ కెమెరాకు ఆ బాధ లేదు: పై కంటితో చూసుకుంటాం, కింది కంటికి ఫిల్టరు పెడతాం. స్టాండు మీద పెట్టి, లెన్సును 16కు మూసి, మంచి ఎండలో అర సెకను, ఒక సెకను, రెండు సెకన్లు అని మూడు బొమ్మలు తీస్తాను. ఒకటైనా కుదురుతుంది.

ఇక కాగితం సంగతి. మా వీధిలో ఒక పెద్దాయన మిల్లులో రంగుల ఖాతాలో పనిచేశారు. ఆయన చేరినప్పుడిచ్చిన టైపు కాగితం మీద నీలం రంగు ఒలికింది. చేరిన తేదీ దాని కిందే ఉంది. పీఎఫ్ పెన్షన్‌కు పదేళ్ళ సర్వీసు కావాలి. ఈయన లెక్క పదేళ్ళ గట్టు మీదే ఊగుతోంది. “రంగు తాగిన అక్షరం మళ్ళీ యాడొస్తుంది నాయనా?” అన్నారు.

టైపు రిబ్బను సిరాలో మసి ఉంటుంది. మసి ఇన్‌ఫ్రారెడ్‌లోనూ నల్లగానే ఉంటుంది. బట్టలకు వేసే రంగులు మాత్రం చాలావరకు ఆ వెలుగులో మాయమైపోతాయి. కాగితాన్ని గోడకు అంటించి, ఎండ సూటిగా పడేలా చూసి, మూడున్నర అడుగుల దూరం నుంచి తీశాను. పై కంటితో గురి చూసుకున్నాక, కింది కన్ను అదే ఎత్తుకు వచ్చేలా కెమెరాను పైకి జరపాలి. లేకపోతే కాగితం సగం తెగిపోతుంది. ట్యూబ్‌లైటు, ఎల్ఈడీ వెలుగులో ఈ పని కాదు. ఎండైనా ఉండాలి, పాతకాలం బుగ్గ బల్బైనా ఉండాలి.

ఫిల్ము కడిగి చూస్తే మరక లేదు. రోజు, నెల, సంవత్సరం మూడూ ఉన్నాయి. ఆ తేదీ నుంచి లెక్కేస్తే పదేళ్ళు దాటి నాలుగు నెలలు.

కానీ ఇంకో సంగతి కూడా ఉంది. బాల్‌పెన్నుతో చేసిన మేనేజరు సంతకం, రబ్బరు ముద్ర కూడా మరకతోపాటే మాయమయ్యాయి. ఆఫీసులో ఇది చూపిస్తే “సంతకం ఏదీ?” అంటారు. అందుకే అదే కాగితాన్ని మామూలు ఫిల్ముతో ఇంకోసారి తీసి, రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి, అసలు కాగితంతో సహా ఇచ్చాం. ఫోటో ఒక్కటే సాక్ష్యం కాదు. మిల్లు రిజిస్టరులో ఏ సంవత్సరం పేజీ తీయాలో ఇప్పుడు తెలిసింది, అంతే. పెద్దాయన దరఖాస్తు ఇంకా నడుస్తోంది.

అక్కలారా, అన్నలారా, మరక పడిన కాగితాన్ని కడగొద్దు, మీద పెన్నుతో దిద్దొద్దు, ల్యామినేషన్ చేయించొద్దు. మడత విప్పి, రెండు తెల్ల కాగితాల మధ్య పెట్టి దాచండి. కంటికి కనబడనంత మాత్రాన అక్షరం పోయినట్టు కాదు. పెట్టె దులిపేటప్పుడు ఈ మాట గుర్తుంచుకోండి.