పగిలిన డాష్‌బోర్డు: పారేయదగిన వస్తువేనా?

ఈ శీర్షిక చూసి కొందరు మిత్రులు నవ్వుతారని నాకు తెలుసు. దేశంలో ఇన్ని సమస్యలుండగా విద్యార్థి సంఘం సంచికలో పాతకారు డాష్‌బోర్డు మీద వ్యాసమా అంటారు. కాని ఈ విషయం మీద మా ఇంట్లో రెండు నెలలు వాదన జరిగింది. మధ్యలో పది రోజులు అన్నయ్యకీ నాకూ మాటలే లేవు. కాబట్టి నా మట్టుకు ఇది చిన్న సంగతి కాదు.

మాది చీపురుపల్లి. మా కారు 1994 నాటి తెల్ల అంబాసిడర్. ‘మా కారు’ అంటున్నాను గాని, మొదట అది గరివిడి వైపు మాంగనీసు పనులు చేయించే ఒక కాంట్రాక్టరు గారిది. మా నాన్న దానికి డ్రైవరు. 2003లో ఆయన కొత్త కారు కొనుక్కుంటూ పాతదాన్ని నాన్నకే వాయిదాల మీద ఇచ్చేశారు. తొమ్మిదేళ్లు తోలిన కారుకి ఆ రోజు యజమాని అయ్యాడు నాన్న. ఆ రాత్రి ఇంటికొచ్చి భోజనం చెయ్యకుండా కారులోనే కూర్చున్నాడని అమ్మ ఇప్పటికీ చెబుతుంది. 2022లో నాన్న పోయాడు. ఆ తరువాత వేసవిలో, ఎండలో నిలిపి ఉంచిన కారు డాష్‌బోర్డు అద్దం దగ్గర నుంచి సామాన్ల పెట్టె దాకా మూరెడు పొడవున పగిలింది.

అన్నయ్య వాదన తీసిపారేసేది కాదు. తెలిసినవాళ్ల పెళ్లిళ్లకు ఈ కారు పంపుతుంటాం. “పెళ్లికొడుకుని కూర్చోబెట్టి ఎదురుగా పగిలిన బల్ల చూపిస్తామేటి? తీసీసి కొత్తది ఏసీద్దాం” అన్నాడు. అమ్మ ఒకటే మాట: “ఆ మనిసి చెయ్యి ఆనిన సోటు అది. ఇప్పీసి పాత ఇనుపోడికి ఇచ్చీస్తారేటి?” నేను అమ్మ పక్షం. అయితే అమ్మ కారణం వేరు, నా కారణాలు వేరు.

అసలు కొత్తది ఎక్కడుంది? ఉత్తరపాడా కర్మాగారంలో అంబాసిడర్ల తయారీ 2014 మే నెలలో ఆగిపోయింది. ఇప్పుడు ‘కొత్త’ డాష్‌బోర్డు అంటే మరో చచ్చిన కారులోంచి ఊడదీసినదే. అదీ ముప్పై ఎండాకాలాలు చూసినదే. రేపో మాపో అదీ పగలాల్సిందే. అన్నయ్య విశాఖపట్నం ఆటోనగర్ వెళ్లి ఒకటి చూసొచ్చాడు. తీరా అది అంతకుముందు రకానికి చెందినది. పాత అంబాసిడర్లలో మీటర్లు డాష్‌బోర్డు మధ్యలో ఉండేవి; వెనక సీటులో కూర్చున్న ముసలమ్మ కూడా ముల్లు చూసి “నెమ్మది, నెమ్మది” అని డ్రైవరుని కేకలెయ్యగలిగేది. ఇసుజు ఇంజనుతో వచ్చిన మా రకంలో మీటర్లు స్టీరింగు ఎదురుగా వచ్చాయి. ఒకదాని బోర్డు ఒకదానికి కుదరదు. కలకత్తా మల్లిక్ బజారులో దొరుకుతుందన్నారు. దొరకవచ్చు. అక్కడి పసుపుపచ్చ టాక్సీలు పదిహేనేళ్ల గడువు తీరి ఒక్కొక్కటే రోడ్డు దిగుతున్నాయి గనక విడిభాగాలకు లోటు లేదు.

ఇక్కడ నా తప్పు కూడా చెప్పుకోవాలి. బి.యస్సీ. కెమిస్ట్రీ చదువుతున్నాననే ధీమాతో, అన్నయ్య ఊళ్లో లేనప్పుడు బజారులో దొరికే క్షణాల్లో అంటుకునే జిగురు పగులులో పోశాను. సాయంత్రానికి పగులుకి రెండువైపులా తెల్లగా బూజులాంటి మరక. మర్నాడు మధ్యాహ్నం ఎండకి మళ్లీ విచ్చుకుంది, మునుపటికంటే రెండంగుళాలు ఎక్కువగా. అన్నయ్య మాట్లాడడం మానేసింది అప్పుడే.

చివరికి మెయిన్ రోడ్డులో ప్లాస్టిక్ బకెట్లు, మోటారుసైకిళ్ల మడ్‌గార్డులు అతికే మేస్త్రి దగ్గరకు వెళ్లాను. ఆయన ఏడో తరగతి తప్పినవాడు. చూసి అన్న మొదటిమాట: “ఏటి బావూ, కెమిస్ట్రీ సదూతున్నావు గదా. ముక్క నీట్లో ఏసి సూసినావా?” నాకు సిగ్గేసింది. బోర్డు కనిపించని అంచు నుంచి గోరంత ముక్క కోసి నీళ్లలో వేశాడు. మునిగింది. తేలితే అది పాలీప్రొపిలీన్, దానికి మామూలు జిగుర్లేవీ పట్టవు. మునిగిన ముక్క మీద ఎసిటోన్ చుక్క వేస్తే మెత్తబడి వేలికి అంటుకుంది. అంటే ఎ.బి.ఎస్. ప్లాస్టిక్కన్నమాట. ఆ పేరు ఆయనకు తెలియదు. పేరు తెలిసిన నాకు ఆ పరీక్ష తట్టలేదు.

ఎందుకు పగిలిందో ఆయన అడిగితే మాత్రం చెప్పగలిగాను. ఎ.బి.ఎస్.లో సాగే గుణం ఇచ్చేది బ్యూటడైన్ రబ్బరు భాగం. ఎండలోని అతినీలలోహిత కిరణాలూ గాలిలోని ఆక్సిజనూ కలిసి ముందు దాన్నే తినేస్తాయి. మిగిలేది పెళుసు బల్ల. వినైల్ తొడుగున్న కార్ల సంగతి మరోలా ఉంటుంది. వినైల్‌ని మెత్తగా ఉంచడానికి కలిపిన నూనెలాంటి పదార్థం వేడికి ఆవిరై వెళ్లి ముందద్దం లోపలివైపు జిడ్డుగా పేరుకుంటుంది, తొడుగు బిగుసుకుపోయి చిట్లుతుంది. అమెరికాలో అరిజోనా రాష్ట్రంలో ఎండలో నిలిపిన కార్లను కొలిచి 2018లో ప్రకటించిన పరిశోధన ప్రకారం, గంటసేపటికి డాష్‌బోర్డు సగటు వేడి 69 డిగ్రీల సెంటీగ్రేడు. మన చీపురుపల్లి మే నెల దానికి ఎంతో తీసిపోదు.

మరమ్మతుకు మూడు రోజులు పట్టింది. ముందు బ్యాటరీ నెగెటివ్ తీగ విప్పించాడు. బోర్డు వెనక ఒక్కో వైరుకీ గుర్తుగా తెల్ల టేపు అంటించి నంబరు వేయమన్నాడు. ఆ పని నాది. అక్కడే అసలు సంగతి బయటపడింది. ఎవరో, ఎప్పుడో టేపురికార్డరు కోసం లాగిన వైరొకటి ఫ్యూజు లేకుండా నేరుగా బ్యాటరీ లైనుకి కలిపి ఉంది. దాని తొడుగు బెండులా విరిగిపోయి రాగి తీగ బయటికి కనిపిస్తోంది, ఇనుప బ్రాకెట్టుకి వేలెడు దూరంలో. డాష్‌బోర్డు పగలకపోతే ఆ వైరు సంగతి కారు కాలేదాకా మాకు తెలిసేది కాదు. పైన పాలిష్ కొట్టి ఎన్ని పెళ్లిళ్లకు పంపామో ఈ కారుని! ఆ వైర్లను అతకడానికి నేను ఒప్పుకోలేదు, మేస్త్రీ ఒప్పుకోలేదు. పెళుసెక్కినవన్నీ తీసి కొత్తవి వేసి, ఫ్యూజు పెట్టాడు. పాతదనం మీద ప్రేమ వైర్ల దగ్గర పనికిరాదు. అమ్మ కూడా దీనికేమీ అనలేదు.

పగులు రెండు కొసలా సన్నటి రంధ్రాలు వేశాడు, ఇక ముందుకు పాకకుండా. నేను పోసిన జిగురంతా గీకి తీసేసరికి ఒక పూట పోయింది. వెనకవైపు స్టీలు దోమజాలీ ముక్కను కావియాతో కాల్చి ప్లాస్టిక్‌లోకి దించాడు. ముందువైపు పగులుని నాగటిచాలులా చెక్కి, అదే జాతి ప్లాస్టిక్ తుక్కుని ఎసిటోన్‌లో కరిగించిన ముద్ద పొరలు పొరలుగా పట్టించాడు. ఇదంతా ఆరుబయట, బీడీ ఆర్పేసి. ఆరాక గరుకు కాగితం పట్టి మెరుపులేని నల్లరంగు కొట్టాడు. మెరిసే రంగు వేస్తే ఎండలో దాని నీడ ముందద్దంలో పడి డ్రైవరుకి కళ్లు చెదురుతాయిట. కలకత్తా బోర్డుకి అడిగిన ధరలో మూడోవంతు కూడా కాలేదు.

అన్ని కార్లకూ ఇదే మందు అని నేననను. ఎయిర్‌బ్యాగు ఉన్న కారులో ఆ మూత చోట ఇలా అతికితే ప్రాణాపాయం. అది సరిగ్గా విచ్చుకోవాల్సిన చోట విచ్చుకోవాలి. మన దేశంలో 2019 జూలై నుంచి కొత్తకార్లకు డ్రైవరు ఎయిర్‌బ్యాగు తప్పనిసరి చేశారు. అలాంటివాటికి బోర్డు మార్చడమే న్యాయం. నేను చెప్పేది మా కారులాంటి వాటి గురించి.

మా కారులాంటివాటికి చట్టంలోనూ సరైన చోటు లేదు. 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం వింటేజి వాహనం అనిపించుకోవాలంటే యాభై ఏళ్లు నిండాలి. మాది ఆ గౌరవానికి 2044 దాకా ఆగాలి. అప్పటికైనా ప్రదర్శనలకూ ర్యాలీలకూ తప్ప రోజువారీ తిరగడానికి పనికిరాదు. ఈలోగా అయిదేళ్లకోసారి రిజిస్ట్రేషను పొడిగించుకోవాలి. పదిహేనేళ్లు దాటిన కారుకి ఆ రుసుమును 2022 ఏప్రిల్‌లో 600 రూపాయల నుంచి 5,000కి పెంచారు. పొగ కక్కే బండ్లను తీసేయాలంటే నేను కాదనను. కాని బాగున్న ఇంజనున్న కారుని డాష్‌బోర్డు పగిలిందనీ, చూడ్డానికి బాగులేదనీ తుక్కుకి తోలేవాళ్లను చూస్తే మాత్రం నాకు ఒళ్లు మండుతుంది.

ఇంకొకటి. ఆ మేస్త్రి దగ్గర పని నేర్చుకునేవాడు ఒక్కడూ లేడు. కొడుకుని హైదరాబాదు పంపాడు. మా క్లాసులో అరవైమందిమి పాలిమర్లు చదివి పరీక్ష రాశాం. ఒక్కరికైనా కావియా పట్టుకోవడం వచ్చో రాదో నాకు అనుమానమే. మన కాలేజీ లాబొరేటరీలో ఒక సాయంత్రం ఆయన్ని పిలిపించి చూపించమందామని సంఘం మిత్రులను అడుగుతున్నాను. ఖర్చు టీ, జంతికలే.

దసరా తరువాత పైడితల్లమ్మ సిరిమాను చూడ్డానికి అమ్మను ఆ కారులోనే విజయనగరం తీసుకెళ్లాం. నెల్లిమర్ల దాటేదాకా అన్నయ్య ఏమీ అనలేదు. తరువాత “గీత కనబడుతోందిరా” అన్నాడు. నిజమే, పక్క నుంచి వెలుగు పడితే కనబడుతుంది. తిరిగొచ్చేటప్పుడు అమ్మ అమ్మవారి పటం కొంది. గీత మీద అంటిద్దామని అన్నయ్య చెయ్యి చాచాడు. అమ్మ ఇవ్వలేదు, పక్కన అంటించింది.

అన్నయ్యకి కలకత్తా నుంచి ఇంకా ఫోన్లు వస్తూనే ఉన్నాయి. ఆ డబ్బు పెడితే కారుకి నీడగా ఒక రేకుల షెడ్డు వేసుకోవచ్చని నేనంటున్నాను. ఇంకా తేలలేదు.