లక్క ప్లేట్లలోని గాత్రములు

పాత మండువా యిండ్ల అటకలపైని, భోషాణములలోను గ్రామఫోను రికార్డులు నేటికిని అక్కడక్కడ పడియున్నవి. ఇల్లు పడగొట్టి మేడ కట్టునపుడు ఇవి పాతసామానుల వర్తకునకు తూకమునకు పోవుచున్నవి. బాకా గల యంత్రమునకు మాత్రము పట్టణములలో ధనికుల ముందరిగదులయందు పీట దొరకుచున్నది. దాని సొంపును మేమును కాదనము. చేతితో కీ యిచ్చిన స్ప్రింగు విడివడుచు నిమిషమునకు 78 చుట్లు ప్లేటును త్రిప్పుట, విద్యుచ్ఛక్తి యేమియు లేకయే సూది కదలిక గాత్రమగుట, నేటి బాలురకును వింతయే. అయినను బాకాను ఆదరించి ప్లేటును పారవేయుట ఒరను దాచుకొని కత్తిని విడుచుట వంటిది.

ఆ ప్లేటు కేవలము పరదేశపు వస్తువని పెక్కురి తలంపు. యంత్రము పరదేశీయమే; ప్లేటులోని జిగురు మనది. మోదుగ, రేగు మొదలగు చెట్ల కొమ్మలపై పురుగు పెట్టిన లక్కను శుద్ధిచేసి, రాతిపొడిని, మసిని కలిపి అచ్చొత్తినదే ఆ రికార్డు. పాండవులను దహింప పురోచనుడు కట్టించిన యింటి సరకే యిది! లోకమునకు కావలసిన లక్కలో అధికభాగము భారతదేశమునుండియే ఎగుమతి యయ్యెడిది. గాత్రమునకును అదే గతి పట్టినది. 1902 నవంబరులో గౌహర్ జాన్ కలకత్తాలో పాడిన పాటలు అచ్చగుటకై జర్మనీలోని హానోవరునకు పోయినవి. పాట తుదిని ఆమె తన పేరును ఆంగ్లమున పలుకుట నేటికిని వినవచ్చును. ఏ పాట యెవరిదో అచ్చటి పనివారు పోల్చుకొనుటకే ఆ యేర్పాటు. 1908లో కలకత్తాలో కర్మాగారము వెలసినపిదప గాని ఈ సముద్రయానము తప్పలేదు.

మన నాటకరంగపు గాత్రసంపదలో మిగిలిన దెల్ల నించుమించు ఈ ప్లేట్లలోనిదే. స్థానం నరసింహారావు, కపిలవాయి రామనాథశాస్త్రి ప్రభృతులను చూచినవారు గతించిరి. వినుట యొక్కటే మనకు దక్కినది. రంగమున వన్స్‌మోరులతో సాగుచుండిన పద్యము ప్లేటుపై సుమారు మూడు నిమిషములలో ముగియవలసి వచ్చెను. రాగము కురుచయైనదని వగచుట కంటె ఆ మాత్రమైనను నిలిచినందుకు సంతసించుటయే మేలు.

ఈ గాత్రములను కంప్యూటరులోనికి ఎక్కించుటకు చట్టము పెద్ద యాటంకము కాదు. 1957 నాటి కాపీరైటు చట్టము ననుసరించి ధ్వనిముద్రణముపై హక్కు 60 సంవత్సరములే. 1950కి పూర్వపు రికార్డులకు అది తీరినది. రచయితల హక్కును మాత్రము వేరుగ విచారింపవలెను. రెండు తెలుగు రాష్ట్రములలోను ఇంటిపన్నుతోపాటు గ్రంథాలయపు పన్నును మనము చెల్లించుచున్నాము. జిల్లా గ్రంథాలయ సంస్థలు తగిన సూది గల యంత్రము నొకదానిని తెప్పించి, గృహస్థులవద్ద రికార్డులను ఎరువు గొని, గాత్రము నెక్కించుకొని, ప్లేటును పదిలముగ తిరిగి యీయరాదా? పన్ను కట్టువారు ఈ ప్రశ్నను తమ సంస్థల నడుగవలెను.

అంతవరకు ప్లేట్లను ఒకదానిపై నొకటి పేర్చక నిలువుగ నుంచుడు. పాత ఉక్కుసూదితో మరల మరల మ్రోగింపకుడు. ప్రతి పర్యాయమును గీత అరుగుచుండును. ముఖ్యముగ స్పిరిటుతో తుడువకుడు. అందు లక్క కరగును.