గడప దగ్గర మర్యాద

మర్యాద అనే సంస్కృత పదానికి నిఘంటువుల్లో కనిపించే మొదటి అర్థం హద్దు, ఎల్ల, చెలియలికట్ట. సముద్రుడు మర్యాద దాటడని కావ్యాలలో వస్తే, ఒడ్డు దాటి ఊరి మీదికి రాడని అర్థం చెప్పుకోవాలి. ముప్పయ్యేళ్ళకు పైగా ఈ మాట తరగతిలో చెప్పాను. హద్దు అనే అర్థంలోంచి గౌరవం అనే అర్థం ఎలా వచ్చింది మాస్టారూ అని పిల్లలు అడిగేవారు. ఎదుటివాడి హద్దును మనం దాటకపోవడమే వాడికి మనం చేసే గౌరవం కదా, అలా వచ్చిందిరా అనేవాణ్ణి. ఈ రెండర్థాలూ ఒక్కచోట కలిసి కనబడేది గడప దగ్గర. కనుక గడప దగ్గర నిలబడే మనిషిని గురించి ఒక తెలుగు పంతులు నాలుగు మాటలు రాస్తే మిత్రులు ఆశ్చర్యపోనక్కరలేదు. ఆ గడప బార్‌ది కావడం మాత్రం కొంత ఆశ్చర్యమే అనుకోండి.

ముందుగా ఒక మనవి. నాకు తాగే అలవాటు లేదు. తాగేవారిని నిందించే అలవాటూ లేదు. మద్యపానం మంచిచెడ్డల చర్చ ఈ టపాలో చేయబోవడం లేదు. మన నగరాలలో ఇప్పుడు "బార్ అండ్ రెస్టారెంటు" అని ఒకే బోర్డు మీద రాసుకుంటున్నారు. ఆఫీసు విందులు, పుట్టినరోజులు, పాత మిత్రుల కలయికలు అక్కడే జరుగుతున్నాయి. వచ్చినవారందరినీ మూసేవేళకు బయటికి సాగనంపే పని బౌన్సర్లది. ఆ సాగనంపడం చాలాచోట్ల గెంటివేయడంగా మారింది. మా పండితులు సరసంగా "అర్ధచంద్రప్రయోగం" అంటారే, చేతిని అర్ధచంద్రాకారంలో చేసి మెడ మీద పెట్టి తోయడం, దానికీ దీనికీ ఆట్టే దూరం లేదు. ఆ తప్పు ఎవరిది అన్నదే నా ప్రశ్న.

కొన్నాళ్ళ క్రితం నా పూర్వవిద్యార్థులు కొందరు హైదరాబాదులో కలుసుకుంటూ నన్నూ పిలిచారు. అందరూ యాభైకి అటూ ఇటూ ఉన్న "పిల్లలే". వాళ్ళ గ్లాసులు వాళ్ళవి, నా మజ్జిగ నాది. అర్ధరాత్రికి పది నిమిషాలుందనగా ఏసీ ఆగింది, సగం దీపాలు ఆరిపోయాయి. నల్ల టీషర్టులు వేసుకున్న ఇద్దరు యువకులు వచ్చి, "లే సార్, లే! టైమైంది, ఖాళీ చెయ్!" అంటూ బల్లల మీద చరచసాగారు. మావాళ్ళలో ఒకడికి చిన్ననాడు పోలియో వచ్చింది. లేచి నిలదొక్కుకోవడానికి రెండు క్షణాలు ఎక్కువ పడుతుంది. అతడు ఇంకా లేస్తుండగానే వెనకనుంచి కుర్చీ లాగేశారు. పక్కవాడు పట్టుకోబట్టి పడలేదు.

ఇక చూడండి గొడవ! బ్యాంకు ఉద్యోగీ, కాంట్రాక్టరూ, లెక్కల లెక్చరరూ ఒక్కసారిగా ఆ యువకుల మీద విరుచుకుపడ్డారు. కుర్చీ లాగినందుకు కోప్పడితే న్యాయమే. కానీ ఆ కోపం నిమిషంలో "నువ్వెంత, నీ జీతమెంత, నీ బతుకెంత" అనేదాకా పోయింది. వాళ్ళలో కొందరికి సంబోధన ప్రథమావిభక్తి నేనే నేర్పాను! అంత రభస జరుగుతున్నా గల్లాపెట్టె దగ్గర కూర్చున్న పెద్దమనిషి నోట్లు లెక్కపెట్టుకుంటూ తల ఎత్తలేదు.

ఎలాగో సర్దిచెప్పి అందరినీ బయటికి తెచ్చాను. కారు కోసం ఎదురుచూస్తూ మెట్ల దగ్గర ఆ కుర్చీ లాగిన అబ్బాయినే పలకరించాను. ఒడిశా నుంచి వచ్చాడట, రెండేళ్ళయిందట. "తెలుగు బాగానే మాట్లాడుతున్నావే, ఎవరు నేర్పారు బాబూ?" అన్నాను. "ఎవరూ నేర్పలేదు సార్. మేనేజరు మాతో మాట్లాడుతుంటే విని నేర్చుకున్నా" అన్నాడు.

అంత చిన్న జవాబులో నాకు ఒక వ్యాకరణ పాఠం దొరికింది. ఆ అబ్బాయికి వచ్చిన క్రియలన్నీ ఏకవచన విధ్యర్థకాలు: రా, పో, లే, తే, జరుగు, తియ్. రెండేళ్ళుగా అతడితో ఈ ఊరు మాట్లాడిన తెలుగు అంత మాత్రమే. "సార్" అన్న పిలుపు అతడికి నేర్పాం, ఎందుకంటే అది మనకు కావాలి. దాని పక్కన రావలసిన "లేవండి" అతడికి తెలియదు, ఎందుకంటే అతణ్ణి "అండి" అని పిలిచినవారు లేరు. "లే సార్" అన్న ఆ వింత వాక్యాన్ని అతడు కల్పించలేదు. మనం ఇచ్చిన రెండు ముక్కల్ని అతికించి మనకే తిరిగి ఇచ్చాడు.

ఉన్నత పాఠశాలలో మనమందరం చదువుకున్నాం. విధ్యర్థక వాక్యం వేరు, ప్రార్థనార్థక వాక్యం వేరు, అనుమత్యర్థక వాక్యం వేరు. చెప్పే పని ఒక్కటే కావచ్చు, చెప్పే తీరు మూడు రకాలు. పైగా ముగింపును మృదువుగా చెప్పడంలో తెలుగుకు ఉన్న నేర్పు తక్కువది కాదు. దీపం ఆరిందనం, కొండెక్కిందంటాం. ఇంట్లో బియ్యం అయిపోతే నిండుకున్నాయంటాం. ఇంటినుంచి బయలుదేరేవాడు "పోతాను" అనడు, "వెళ్ళొస్తాను" అంటాడు. పూజ ముగిశాక దేవుడికి ఉద్వాసన చెప్పేటప్పుడు కూడా విగ్రహాన్ని రవ్వంత పక్కకు జరిపి, మళ్ళీ రావలసిందిగా వేడుకుంటాం. ఇక "దయచేయండి" అన్న మాట చూడండి. వచ్చినవారిని లోపలికి పిలవడానికీ అదే మాట, కూర్చున్నవారిని పంపించడానికీ అదే మాట. ఆహ్వానాన్నీ వీడ్కోలునూ ఒకే క్రియలో ఇమిడ్చిన భాష మనది. అటువంటి భాష ఉన్న ఊళ్ళో ఒక మనిషికి "లే, పో" తప్ప మరేమీ ఇవ్వకుండా గుమ్మం దగ్గర నిలబెట్టాం.

ద్వారపాలకుడి తప్పు ఎవరి ఖాతాలో పడాలన్న ప్రశ్నకు జవాబు భాగవతం తృతీయస్కంధంలో ఉంది. సనకసనందనాదులు వైకుంఠంలో ఆరు వాకిళ్ళు దాటి ఏడవ దాని దగ్గరకు వచ్చారు. జయవిజయులు బెత్తం అడ్డుపెట్టి ఆపారు. మునులు కోపించి శపించారు. ఇంతవరకూ అందరికీ తెలిసిన కథే. తరువాత జరిగినదాన్ని మనం అంతగా చెప్పుకోం. లోపల ఉన్న స్వామి గుమ్మం దగ్గర గొడవ తెలియగానే లక్ష్మీసమేతుడై కాలినడకన బయటికి వచ్చాడు. సేవకుడు తప్పు చేస్తే లోకం యజమాని పేరే ఎత్తుతుందనీ, కనుక ఈ అపరాధం తనదేననీ మునులతో అన్నాడు. మాటతో సరిపెట్టలేదు. ఆ ఇద్దరి మూడు జన్మలకూ వరాహ నారసింహ రామ కృష్ణావతారాలలో తానే దిగివచ్చాడు. వాకిటివాడు చేసినదానికి ఇంటాయన ఎంతవరకు బాధ్యుడంటే అంతవరకు! వైకుంఠవాసుడు లేచి రాగా, మన గల్లాపెట్టె వాసుడు తలైనా ఎత్తకపోతే ఎలా?

మూసేవేళ గొడవ గుమ్మం దగ్గర పేలుతుంది గాని, పుట్టేది లోపల. యజమానికి లైసెన్సులో రాసిన గడియ ఉంది. అది దాటితే అతడి లైసెన్సుకే ముప్పు. అయినా చివరి నిమిషం దాకా ఆర్డర్లు తీసుకుంటాడు. ఆ అరగంట అమ్మకం అతడికి కావాలి. నింపిన గ్లాసును బల్ల మీద పెట్టించి, పది నిమిషాల్లో బల్ల ఖాళీ చేయించమని బౌన్సరుకు పురమాయిస్తాడు. లాభం లోపలివాడికి, తిట్లు గుమ్మం దగ్గరివాడికి.

ఇది మన దేశానికే ప్రత్యేకమైన సమస్య కాదు. ఆస్ట్రేలియాలో 1916లో దక్షిణ ఆస్ట్రేలియా, విక్టోరియా, న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రాలు బార్లన్నీ సాయంత్రం 6 గంటలకే మూయాలని నిర్ణయించాయి. తాగుడు తగ్గుతుందని ఆశ. జరిగిందేమిటంటే, పని వదిలిన జనం ఉన్న కాస్త వ్యవధిలోనే ఆత్రంగా తాగి, ఒకేసారి వీధిలో పడేవారు. న్యూ సౌత్ వేల్స్‌లో 1955 వరకు, విక్టోరియాలో 1966 వరకు ఆ నియమం సాగింది. ఇంగ్లండులో మరో పద్ధతి ఉండేది. చివరి ఆర్డర్లకు గంట కొట్టేవారు. అమ్మకం ఆగాక చేతిలో ఉన్నది తాగి లేవడానికి చట్టమే 10 నిమిషాల గడువు ఇచ్చేది. 1988లో దాన్ని 20 నిమిషాలు చేశారు. 2003 నాటి లైసెన్సింగ్ చట్టం 2005 నవంబరులో అమలులోకి వచ్చాక, అన్ని పబ్బులూ ఒకే వేళకు మూయనక్కరలేకుండా ఎవరి వేళ వారు కోరుకునే వీలు కలిగింది. చివరి అరగంటను ఎలా నడుపుతారన్న దాన్నిబట్టే గుమ్మం దగ్గర మాట తీరు ఉంటుందని వీటినిబట్టి తెలుస్తోంది.

శిక్షణ సంగతి కూడా చెప్పుకోవాలి. ఇంగ్లండులో 2001 నాటి చట్టం ప్రకారం, బార్ గుమ్మం దగ్గర కాపలా ఉండేవారికి విడిగా లైసెన్సు కావాలి. దాన్ని అందరికీ కనబడేలా ధరించాలి. దానికోసం పొందే శిక్షణలో ఘర్షణను మాటలతో చల్లార్చడం ఒక పాఠం. మనకూ చట్టం లేకపోలేదు. 2005లో పార్లమెంటు ప్రైవేటు భద్రతా ఏజెన్సీల నియంత్రణ చట్టం చేసింది. ఏజెన్సీకి లైసెన్సు ఉండాలి, కాపలాదారుకు ఫొటో గుర్తింపు కార్డు ఉండాలి. 2006 నాటి కేంద్ర నమూనా నియమాలలో 100 గంటల తరగతి బోధన, 60 గంటల క్షేత్రశిక్షణ అని రాశారు. ఆ పాఠ్యాంశాల జాబితాలో మొట్టమొదటిది ఏమిటో ఊహించండి: నలుగురిలో నడవడిక! కండలు ఆ తరువాతి మాట. కాగితం మీద ఇంత చక్కగా ఉన్నది గుమ్మం దగ్గరకు వచ్చేసరికి ఒక నల్ల టీషర్టుగా మిగిలింది.

మరి ఆ వేళ మనమేం చేయాలి? నాకు తోచింది చెబుతాను. వెళ్ళమని చెప్పే హక్కు యజమానికి ఉంది. వేళ దాటాక కూర్చోవడం మన హక్కు కాదు. ఆ మాట బౌన్సరు మోటుగా చెప్పినా మాట మాత్రం సరైనదే కనుక లేవాలి. మూసే గంట ఎప్పుడో కూర్చునేటప్పుడే కనుక్కొని, అరగంట ముందే బిల్లు తెప్పించుకుంటే సగం గొడవ ఉండదు. మనతో నడవలేనివారు ఉంటే ముందుగా వారిని బయలుదేరదీయాలి. అవతలివాడు "నువ్వు" అన్నా మనం "మీరు" అనే అనాలి. ఇది పిరికితనం కాదు, అతడికి తెలియని ప్రత్యయాన్ని వినిపించడం. గుమ్మం దగ్గర వాదించి గెలిచినవాడు లేడు. ఫిర్యాదు ఉంటే మరునాడు, మత్తూ కోపమూ దిగాక, యజమానికి కాగితం మీద రాసి ఇవ్వాలి. అయితే చెయ్యి పడితే లెక్క వేరు. బౌన్సరుకు మామూలు పౌరుడికి మించిన అధికారం ఏదీ లేదు. కొట్టడం అతడు చేసినా నేరమే. అప్పుడు 112కు ఫోను చేయడానికి వెనుకాడకూడదు.

"బార్‌కు పోయేవాడికి మర్యాద కూడానా మాస్టారూ" అని కొందరు నవ్వవచ్చు. మర్యాద గుణవంతులకిచ్చే బహుమతి అయితే ఆ ప్రశ్న సరైనదే. కానీ అది హద్దు. హద్దు మంచివాడి పొలానికీ చెడ్డవాడి పొలానికీ ఒకటే. తాగినవాడి దగ్గర అది సులువుగా చెరిగిపోతుంది కనుక అక్కడే దాన్ని మరింత గట్టిగా వేసుకోవాలి.

బార్ యజమానులెవరైనా ఇది చదువుతారన్న ఆశ నాకు లేదు. అయినా ఉపాధ్యాయుడికి ఎదురుగా ఎవరూ లేకపోయినా పాఠం చెప్పడం అలవాటే. అయ్యా, మీ గుమ్మం దగ్గరి పిల్లలకు మూడే వాక్యాలు నేర్పండి. "ఇంకో అరగంటలో మూసేస్తామండి." "ఇంకేమైనా కావాలంటే ఇప్పుడే చెప్పండి." "వేళయిందండి, వెళ్ళిరండి." అవి వాళ్ళ నోట పలకాలంటే ముందు వాళ్ళ చెవిన పడాలి. కనుక రేపు వాళ్ళను పనిలోకి పిలిచేటప్పుడు మీరే "రండి" అని మొదలుపెట్టండి. "వెళ్ళండి" అన్నదానిలో మూడు అక్షరాలు, "వెళ్ళిరండి" అన్నదానిలో నాలుగు. ఒక్క అక్షరం ఎక్కువ ఖర్చు పెట్టలేనంత పేదవారు కారు మీరు.