పక్షము వీడిన అధ్యక్షుడు

రాజకీయపక్షము నాయకుని సొత్తు కాదు. దానిని నడపు కార్యనిర్వాహకుల సొత్తును గాదు. ఈ రెండు సత్యములలో మొదటిదానిని నాయకుడును, రెండవదానిని కార్యనిర్వాహకులును మఱచినచో నేమి వాటిల్లునో 1912 వ సంవత్సరమున అమెరికా సంయుక్తరాష్ట్రములలో జరిగిన అధ్యక్షనిర్వాచనము లోకమునకు జూపినది.

థియొడోరు రూజువెల్టుగారు 1901 మొదలు 1909 వఱకు అధ్యక్షపదవి నిర్వహించిరి. తమ తరువాత టాఫ్టుగారే తగినవారని వారిని తామే ముందునకు దెచ్చి 1908 లో గెలిపించిరి. కాని మైత్రి నిలువలేదు. అడవుల సంరక్షణమునకై పాటుపడిన పించోగారిని టాఫ్టుగారు 1910 లో నుద్యోగమునుండి తొలగించిరి. 1911 లో ఉక్కు ట్రస్టుపై వేయించిన వ్యాజ్యములో, రూజువెల్టుగా రొకప్పు డంగీకరించిన వ్యవహారమే తప్పుగా జూపబడెను. స్నేహితులు ప్రత్యర్థులైరి.

1912 లో రిపబ్లికను పక్షమున నభ్యర్థిని నిర్ణయించుటకు గొన్ని రాష్ట్రములలో వోటరుల యభిప్రాయము నేరుగా గైకొనిరి. అందు తొమ్మిదింట రూజువెల్టుగారే నెగ్గిరి. టాఫ్టుగారి స్వరాష్ట్రమగు ఒహాయో సయితము వారినే కోరెను. జూనులో చికాగో నగరమున మహాసభ కూడినప్పుడు 254 ప్రతినిధి స్థానములు వివాదగ్రస్తములై యుండెను. తీర్పు చెప్పవలసినవారు టాఫ్టుగారి పక్షమువారు. వారు 235 స్థానములను తమవారికిచ్చి, 19 మాత్రమే రూజువెల్టుగారికి విడిచిరి. రూజువెల్టువర్గీయులు తెచ్చిన తగవులన్నియు న్యాయమైనవని మే మనము. కాని యొక కక్షివారే న్యాయాధిపతులై కూర్చున్న సభ తీర్పును ప్రజలు న్యాయమని నమ్ముదురా? ఆనాడు పక్షమును చీల్చినవారు బయటికి వెడలినవారు మాత్రమే కారు. లోపల దలుపులు బిగించినవారును గూడ.

ఆగస్టులో నదే నగరమున ప్రోగ్రెసివు పక్షము వెలసెను. స్త్రీలకు వోటుహక్కు, పిల్లలచే గూలిపని చేయించుటను నిషేధించుట, కార్మికులకు ఎనిమిదిగంటల దినము, వ్యాధికిని వార్ధక్యమునకును భీమా, ఇవి దాని ప్రణాళికలోని ముఖ్యాంశములు. ఇంతటి యుదారాశయములు గల సభయే దక్షిణరాష్ట్రములనుండి వచ్చిన నల్లజాతి ప్రతినిధులకు స్థానము నిరాకరించెను. న్యాయము నడిగి వెలికి వచ్చినవారు తమ వాకిటికి వచ్చినవారికి న్యాయము చేయకపోవుట యా పక్షమునకు మాయని మచ్చ.

నవంబరులో వోట్లు లెక్కించిరి. డెమొక్రాటు విల్సనుగారికి నూటికి 42 వోట్లు కూడ రాలేదు. రూజువెల్టుగారికి 27, టాఫ్టుగారికి 23 చొప్పున వచ్చినవి. ఒక్క పక్షముగా నున్నప్పుడు సగమునకు సరితూగినవారు రెండుగా జీలుటచే, 531 నిర్వాచకస్థానములలో 435 విల్సనుగారి పాలయ్యెను. రూజువెల్టుగారికి 88 దక్కెను. అధికారములోనున్న టాఫ్టుగారికి మిగిలినవి ఎనిమిదియే. మాజీ అధ్యక్షులగు వాన్ బ్యూరనుగారు 1848 లోను, ఫిల్మోరుగారు 1856 లోను మూడవపక్షముల తరఫున నిలిచి యంతకుముందే యోడియుండిరి. వారికంటె రూజువెల్టుగా రెక్కువ బలము చూపిరి. ఫలితము మాత్ర మొక్కటియే.

ఓడినందుకు మేము వారిని తప్పుపట్టము. ఒక నిర్వాచనమున నోడినంతమాత్రమున పక్షము వ్యర్థమనరాదు. స్త్రీల వోటుహక్కు 1920 లోను, వార్ధక్యపు భీమా 1935 లోను శాసనములయ్యెను. విత్తినవారొకరు, కోసినవారొకరు. మేము తప్పని యెంచునది 1916 నాటి కార్యము. ఆ సంవత్సరమున ప్రోగ్రెసివు మహాసభ మరల వారినే యభ్యర్థిగా నెన్నుకొనగా వారు నిరాకరించి, రిపబ్లికను అభ్యర్థి హ్యూసుగారిని బలపఱచిరి. నాయకుని నమ్మి పాతయిల్లు విడిచి వచ్చిన వేలాది కార్యకర్తలకు నిలువనీడ లేకపోయెను. పక్ష మంతటితో కూలెను. సేనను రణరంగమునకు గొనివచ్చి నడుమ విడిచిపోవు సేనాని శౌర్యము నెవరు కొనియాడుదురు?

ఈ పాఠము మన దేశమునకు గ్రొత్తది కాదు. స్వాతంత్ర్యము వచ్చిననాడు కాంగ్రెసు అధ్యక్షులైయుండిన ఆచార్య కృపలానీగారు 1951 లో దానిని వీడి కిసాను మజ్దూరు ప్రజాపక్షమును స్థాపించిరి. ఆంధ్రమున ప్రకాశము పంతులుగారు దానికి నాయకులైరి. తొలి సార్వజనిక నిర్వాచనములలో లోకసభ 489 స్థానములలో దానికి దొమ్మిదియే లభించెను. 1952 లోనే యది సోషలిస్టులతో గలిసిపోయెను. 1953 లో పంతులుగారు కాంగ్రెసు తోడ్పాటుతోనే ఆంధ్రరాష్ట్రమునకు ప్రథమ ముఖ్యమంత్రులైరి. దేశములు వేఱు, పదవులు వేఱు. నాయకుని ప్రతిష్ఠయే పునాదిగా గట్టిన యింటికి గలిగిన గతి మాత్రము వేఱు గాదు.

కావున పక్షమును వీడదలచు నాయకు లెవరైనను రెండు ప్రశ్నలు తమ్ము దామే వేసికొనవలెను. తాము లేకున్నను గ్రామగ్రామమున నిలువగల సంఘములను నిర్మింపగలరా? ఓటమి పిమ్మట పదియేండ్లు వానితో నుండగలరా? అట్లుండగలవారు వెడలుట దేశసేవయే. ఉండలేనివారు లోపలనే యుండి పోరాడుట మేలు. ఇక కార్యనిర్వాహకులకు మేము చెప్పునది యొక్కటియే: సభామందిరమున స్థానములను లెక్కించుటలో నెగ్గినవారు, వోటరుల లెక్కలో నెనిమిది స్థానములకు దిగజారిన టాఫ్టుగారిని మఱవకుందురు గాక.