మాయ శశిరేఖ చెప్పిన నిజం

శశిరేఖ కథ వ్యాసుడి భారతంలో లేదు. అక్కడ అభిమన్యుడి పెండ్లి ఉత్తరతో. బలరాముడి కూతురు అతణ్ణి ప్రేమించిందనీ, ఇంట్లోవాళ్లు కాదన్నారనీ, ఘటోత్కచుడు వచ్చి చక్కబెట్టాడనీ జనమే కల్పించుకున్నారు. మరాఠీవాళ్లకు ఆ పిల్ల వత్సల, కన్నడ యక్షగానంలో కనకాంగి, మనకు శశిరేఖ. తోలుబొమ్మలతో ఆడించారు, సురభి నాటక సమాజంవాళ్లు నాటకంగా ఆడారు, 1936లో సినిమాగా తీశారు. 1957 మార్చి 27న విడుదలైన కె.వి. రెడ్డి ‘మాయాబజార్’ తర్వాత ఈ కథంటే అందరికీ సినిమాయే గుర్తొస్తుంది. మేము ఈ నెల నాటకం గురించి రాస్తున్నాం. అందులోనూ మాయ శశిరేఖ పెండ్లి పీటల మీద కూర్చునే రంగం గురించి.

ఆ రంగం దాకా రావాలంటే శశిరేఖ తల్లి రేవతిని దాటి రావాలి. పాండవులు ఇంద్రప్రస్థంలో వైభోగంగా ఉన్నన్నాళ్లూ అభిమన్యుడే ఆమెకు కాబోయే అల్లుడు. జూదంలో రాజ్యం పోయి వాళ్లు అడవి పట్టగానే మాట మారింది. దుర్యోధనుడి కొడుకు లక్ష్మణకుమారుడితో లగ్నం పెట్టారు. పిల్లవాడు మారలేదు, పిల్ల మనసూ మారలేదు. మారింది కలిమి ఒక్కటే. ఘటోత్కచుడు ఇంకా రంగం మీదికి రాలేదు, మంత్రం వెయ్యలేదు. అయినా ఈ నాటకంలో అన్నిటికంటే పెద్ద భ్రమ అప్పటికే ద్వారకలో కొలువుదీరింది. కర్నూలు పడమటి ఊళ్లలో ఈ రంగాన్ని ఎవరికీ విడమరచి చెప్పనక్కర్లేదు. వాన మొహం చాటేసిన ఏడు కోసిగి, పెద్దకడబూరు, కౌతాళం పక్క ఊళ్లలో ఇళ్లకు తాళాలు పడతాయి. పిల్లాజెల్లాతో గుంటూరు మిరప చేలకు సుగ్గికి, అంటే కోతల కూలికి, పోతారు. అట్లాంటి ఏడు, ముందే అనుకున్న సంబంధం చల్లబడటం ఎంత బాధో ఇక్కడి తల్లిదండ్రులకు తెలుసు. అడవిలో సుభద్ర కొడుకు అభిమన్యుణ్ణి వెంటబెట్టుకుని నడుస్తుంటే చూసేవాళ్లకు ఆమె మహారాణిలా కనిపించదు, తమ ఇంటి మనిషిలా కనిపిస్తుంది.

ఇక పెండ్లి. అసలు శశిరేఖను ఘటోత్కచుడు అడవికి చేర్చాడు. తానే ఆమె రూపు కట్టుకుని ద్వారకలో కూర్చున్నాడు. పెండ్లికొడుకు ఎదురుగా వచ్చాడు, చూశాడు, మురిశాడు. గుర్తుపట్టలేదు. పట్టడానికి అతనికి ఆ పిల్ల తెలిస్తే కదా! ఆదోని మార్కెట్‌యార్డులో పత్తి కొనే వ్యాపారి కుప్ప మీద కనిపించే తెలుపును చూసి ధర చెప్పడు. లోపలికి చెయ్యిపెట్టి గుప్పెడు తీసి, వేళ్లతో లాగి పింజ పొడవు చూస్తాడు. లక్ష్మణకుమారుడికి ఆ మాత్రం ఓపిక కూడా లేదు. అతనికి కావలసింది బలరాముడి అల్లుడనిపించుకోవడం, అతని తండ్రికి కావలసింది రేపటి యుద్ధంలో బలరాముడి అండ. వాళ్లు వెతుకుతున్నది పిల్లను కాదు కనుక, పిల్ల స్థానంలో రాక్షసుడున్నా కంటికి ఆనలేదు. ఘటోత్కచుడి మాయకు బలం ఘటోత్కచుడి దగ్గర కంటే ఎదుటివాళ్ల ఆశలోనే ఎక్కువ ఉంది.

ఆ తర్వాత జరిగేదానికి పందిరి నవ్వులతో ఊగిపోతుంది. పెండ్లికూతురు వరుడి కాలు తొక్కుతుంది. ఉరిమి చూస్తుంది. తలవంచుకుని కూర్చోవలసిన పిల్ల వరుడికి చెమటలు పట్టిస్తుంది. మేము ఆగి ఆలోచించమనేది ఇక్కడ. నాటకంలో అసలు శశిరేఖ చేసింది ఏముంది? ప్రేమించింది, ఏడ్చింది, నిద్రపోతుంటే ఎవరో ఎత్తుకుపోతే పోయింది. ఈ పెండ్లి నాకొద్దని తండ్రి ముఖాన గట్టిగా అనలేకపోయింది. పాత్ర రాసినవాళ్లు ఆమెకు తక్కువ ఇచ్చారని మాకు ఎప్పుడూ అనిపిస్తుంది. కానీ ఆమె అనలేని మాట, చెయ్యలేని పని, పీటల మీద చూపలేని కోపం అన్నీ ఆమె రూపంలో ఉన్న ఇంకొకరు చేసి చూపించారు. నిజమైన పిల్ల మౌనంగా ఉంది. దొంగ పిల్ల నిజం చెప్పింది. మారుమాట్లాడే వీల్లేకుండా తలవంచి తాళి కట్టించుకున్న ఆడవాళ్లు ఆ రంగం చూసి నవ్వుతున్నారంటే, అది ఉత్త వినోదానికి నవ్వే నవ్వు కాదని మా నమ్మకం.

నటనకు కూడా అది గొప్ప పరీక్ష. సురభి కుటుంబాల్లో ఆడవాళ్లే ఆడవేషాలు వేశారు. చాలా సమాజాల్లో చాలాకాలం మగవాళ్లే వేశారు. అట్లా వేసినచోట, ఆడపిల్ల వేషంలో ఉన్న మగవాడు, ఆడపిల్ల రూపంలో ఉన్న రాక్షసుణ్ణి నటించాలి. నటి వేసినచోట పని మరోరకంగా కష్టం. ఒకే చీర, ఒకే నగలు, ఒకే గొంతు. నడకలో బరువు మారాలి, భుజం తిప్పడంలో మగతనం కనిపించాలి, మరుక్షణం మళ్లీ సిగ్గు. సినిమాలో సావిత్రి అది చేసి చూపించింది, అదీ కెమెరా దగ్గరగా వచ్చి చూస్తుండగా. నాటకంలో అయితే చివరి వరసలో చాప మీద కూర్చున్న ముసలవ్వకు కూడా ఆ తేడా అందాలి.

మా కర్నూలు పడమటి ప్రాంతానికి నాటకం బయటినుంచి వచ్చిన సొమ్ము కాదు. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడేదాకా ఆదోని, ఆలూరు తాలూకాలు బళ్లారి జిల్లాలోవి. ఆ బళ్లారిలోనే ధర్మవరం రామకృష్ణమాచార్యులు సరసవినోదినీ సభ పెట్టి తెలుగు నాటకాన్ని నిలబెట్టారు. కోలాచలం శ్రీనివాసరావు చారిత్రక నాటకాలు రాశారు. ధర్మవరంవారి మేనల్లుడు బళ్లారి రాఘవ తెలుగు, కన్నడ, ఇంగ్లీషు భాషల్లో నటించి, ఆడపాత్రలు ఆడవాళ్లే వెయ్యాలని పట్టుబట్టారు. ధర్మవరంవారి పేరు చెప్పగానే విషాద సారంగధర గుర్తుకొస్తుంది గానీ, ఆయన తొలినాళ్లలో ఆడించిన చిత్రనళీయం ఇతివృత్తం మాకు ఈ సందర్భంలో మరింత దగ్గరిది. నలుడి కథలో స్వయంవరానికి నలుగురు దేవతలు నలుడి రూపంలోనే వచ్చి కూర్చుంటారు. దమయంతి ముందు ఐదుగురు నలులు. ఆమె ఎట్లా కనుక్కుంది? దేవతలకు చెమట లేదు, రెప్పపాటు లేదు, వాళ్ల మెడలో పూలు వాడలేదు, పాదాలు నేలకు తగల్లేదు. ఒక్కడికి మాత్రం నీడ ఉంది, ఒంటి మీద దుమ్ముంది, దండ వాడింది. ఆమె అతని మెడలో మాల వేసింది. తర్వాత అతను కురూపియై బాహుకుడన్న పేరుతో వంటవాడిగా, సారథిగా వచ్చినప్పుడు కూడా అతని చేతివంట రుచితో, పిల్లల్ని చూసి అతను పెట్టిన కన్నీటితో ఆనవాలు పట్టింది. శశిరేఖకు దొరకని అవకాశం దమయంతికి దొరికింది. చూసుకుని, పోల్చుకుని, ఎంచుకునే అవకాశం. లోపమే లేని దేవతారూపాన్ని వదిలి చెమటోడ్చే మనిషిని ఎంచుకున్న ఆ పిల్ల ఎదుట లక్ష్మణకుమారుణ్ణి నిలబెట్టి చూస్తే, రెండు నాటకాలూ ఒకే ప్రశ్నను రెండువైపుల నుంచి అడిగాయని తెలుస్తుంది.

ఇప్పుడు మా ఊళ్లలో జాతరలకు కురుక్షేత్రం ఆడతారు, సత్య హరిశ్చంద్ర ఆడతారు. రాగం తీసి పద్యం పాడేవాడికి వన్స్‌మోర్ పడుతూనే ఉంది, అది మాకు సంతోషమే. హార్మోనిస్టు నెలల తరబడి కూర్చుని రైతులకూ, మేస్త్రీలకూ పాఠం చెప్పి వేషం కట్టిస్తున్నాడు. ఆడపాత్రలకు బయటినుంచి నటీమణుల్ని పిలిపిస్తున్నారు. అయితే హాస్యనాటకం జాబితాలోంచి జారిపోతోంది. మాయాబజారు ఆడాలంటే గాలిలో తేలే పీటలూ, తీగలూ, మంటలూ ఉండాలని ఒక భయం పట్టుకుంది. సురభివాళ్లు వాటిని అద్భుతంగా చేశారు, వాళ్ల పనితనానికి చేతులెత్తి మొక్కుతాం. కానీ ఆ తంత్రాలేవీ లేకపోయినా పెండ్లి రంగం నిలబడుతుంది. దానికి కావలసింది నడక మార్చగల ఒక్క నటి, ఆమెను చూసి భయపడటం తెలిసిన ఒక్క నటుడు. ఆదోని, ఎమ్మిగనూరు కాలేజీల పిల్లలు వార్షికోత్సవానికి ఆ ఒక్క రంగం అరగంటలో ఆడవచ్చు. అసలు శశిరేఖకు రెండు మాటలు కొత్తగా రాసి ఇచ్చినా తప్పులేదు. వ్యాసుడు రాయని కథను జనం రాసుకోగా లేనిది, జనం రాసినదాన్ని ఈ తరం దిద్దుకోకూడదా?

ఈ ప్రాంతపు ఊళ్లలో ఈ శశిరేఖా పరిణయం నాటకం ప్రతి గానీ, పాత్రలవారీగా రాసుకున్న నోటుపుస్తకం గానీ, పాత కరపత్రం గానీ ఎవరి పెట్టెలోనైనా ఉంటే మాకు తెలియజేయండి. నకలు తీసుకుని భద్రంగా తిరిగి ఇస్తాం. కన్నడంలో ఉన్నా సరే. మాయ శశిరేఖ వేషం వేసినవాళ్లు, ఆడవారైనా మగవారైనా, ఎక్కడున్నా చెప్పండి. వాళ్ల మాటలు రాసుకోవడానికి మేమే వస్తాం.