స్తంభించిన బ్రౌజరు

తెలంగాణలో 2016 నుండి డిగ్రీ ప్రవేశాలు ‘దోస్త్’ ద్వారా ఆన్‌లైన్‌లో జరుగుతున్నాయి. దరఖాస్తు గడువు ముగిసే రోజున బోధన్ పరిసర గ్రామాల నుండి బస్సెక్కి నిజామాబాదు ఇంటర్నెట్ కేంద్రానికి వచ్చిన విద్యార్థి ముందు బ్రౌజరు కదలక మొరాయిస్తే, అతని ఆందోళన వర్ణనాతీతం. రాత్రి కంప్యూటరు అప్‌డేట్ అయిందని అప్పుడు తెలుస్తుంది.

ఇకపై అప్‌డేట్లే వద్దని శాశ్వతంగా నిలిపివేసే నిర్వాహకులున్నారు. అది ఎలుకలున్నాయని ఇల్లు తగులబెట్టుకోవడమే. 2017 మార్చిలో మైక్రోసాఫ్ట్ ఇచ్చిన రక్షణ సవరణను చేర్చుకోని కంప్యూటర్లపైనే మే నెలలో ‘వన్నాక్రై’ విరుచుకుపడింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారినపడ్డాయి.

గానుగలో చెరకు ఇరుక్కుంటే రైతు గానుగనంతా విప్పడు. ఎక్కడ ఇరికిందో చూస్తాడు. ఇక్కడా అంతే. మొదట కంప్యూటరును ఆపి తిరిగి ప్రారంభించాలి. ఆపై ప్రైవేట్ విండో తెరవాలి. అందులో సాఫీగా నడిస్తే దోషం చాలావరకు ఎక్స్‌టెన్షన్లది, లేదా పేరుకుపోయిన క్యాషేది. అక్కడా స్తంభిస్తే సెట్టింగులలో హార్డ్‌వేర్ యాక్సిలరేషన్‌ను ఆపి చూడాలి. అప్‌డేట్‌తో వచ్చిన కొత్త గ్రాఫిక్స్ డ్రైవరుకూ బ్రౌజరుకూ పొత్తు కుదరకపోవడం కద్దు. వీటిలో ఏదీ చూడకుండా బ్రౌజరును తొలగించడం తొందరపాటు. దాచుకున్న పాస్‌వర్డులు, బుక్‌మార్కులు దానితోపాటే పోవచ్చు.

నిజానికి విండోస్‌లో అప్‌డేట్‌ను కొన్ని వారాలు వాయిదా వేసే వీలుంది. గడువు దినాలలో దానిని వాడుకోకపోవడం నిర్వాహకుని లోపమే. సమయం మించిపోతున్న విద్యార్థి మాత్రం అదే కంప్యూటరులోని మరో బ్రౌజరుతో దరఖాస్తు పంపవచ్చు. మరమ్మతు సాయంత్రం చూసుకోవచ్చు.